తెరుచుకోని ఆకులు

“ముడుచుకున్నాయి సూడు! చచ్చిందయితే ముడుచుకుంటాదా?” గట్టు మీద నుంచే అరిచాడు సుంకన్న.

అతని భార్య తిప్పమ్మ చంకలోని పిల్లను దించకుండానే చేనులోకి చూసింది. అది పంతొమ్మిది వందల ఎనభై నాలుగు. విత్తనం పడ్డాక మళ్లీ చినుకు లేదు. మెరకన వేసిన వేరుశెనగ ఎప్పుడో మాడిపోయింది. పల్లంలో గట్టు వారగా నాలుగు సాళ్లు మాత్రం మిగిలాయి. ఎండ నెత్తికెక్కేసరికి వాటి ఆకులు రెండేసి చొప్పున ఒకదానికొకటి అంటుకుని, సూర్యుడికి అంచు మాత్రమే చూపిస్తూ నిలబడ్డాయి.

“ఉన్న రవ్వంత తేమ పోకుండా అట్ల మూసుకుంటాయి. తెల్లారితే మళ్లా ఇప్పుకుంటాయి. అవి ఇప్పుకునేదాంకా నేను ఈ చేను ఇడిసి రాను.”

“చేను సరేలేయ్యా, పిల్లను సూడు. నిన్నట్నించి ఏడ్సను గూడా లేదు.”

మూడేళ్ల నల్లమ్మ తల్లి భుజం మీద తల వాల్చి, కళ్లు సగం తెరిచి ఉంది. ఇంట్లో గింజ లేదు. చెంచలాకు ఉడకేసిన నీళ్లే పిల్లకు కూడూ, గంజీ.

“పోయిన కరువులో ఇట్లనే వాన కోసరం కాచుకోని పెద్దోన్ని మన్ను చేస్తిమి,” అంది తిప్పమ్మ.

కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లింగన్న అటుగా వచ్చి ఆగాడు. “ఏమప్పా సుంకన్నా, సిరుగుప్ప దిక్కు కాలవ కింద నాట్లు పడతాండాయి. రెండు పూటలా సంగటి పెడతారంట. రేపు లారీ పోతాది. వస్తారా, రారా?”

“రేప్పొద్దున ఆకు ఇప్పుకోకుంటే వస్తాలే అన్నా,” అన్నాడు సుంకన్న ధీమాగా.

ఆ సాయంత్రం ఊళ్లో వాన కోసం భజన పెట్టారు. సుంకన్న గొంతు పోయేదాకా పాడాడు. పిల్లను పండబెట్టాలని తిప్పమ్మ వెళ్లలేదు.

తెల్లవారింది. పల్లంలో నాలుగు సాళ్లూ ముడుచుకునే ఉన్నాయి, కాడలతో సహా వాలిపోయి. సుంకన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“ఇప్పుకోండి తల్లీ... పొద్దు పుట్టింది గదా, ఇప్పుకోండి...”

ఎండ చుర్రుమనేదాకా అక్కడే కూర్చున్నాడు. ఒక్క చెట్టునైనా పీకి చూడటానికి చెయ్యి రాలేదు. గట్టు మీద తిప్పమ్మ పిల్లను చంకనేసుకుని నిలబడింది.

“పోదాం పాయ్యా,” అంది చివరికి.

లారీ విడపనకల్లు దాటిందో లేదో, ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. మొదట పెద్ద పెద్ద చినుకులు. ఆ వెంటనే కుండపోత. లారీలో ఉన్నవాళ్లంతా కేకలు పెట్టారు. సుంకన్న మాత్రం తల బాదుకున్నాడు.

“ఇన్నాళ్లు ఓర్సుకోని, ఒక్క దినం ఓర్సుకోలేకపోయినాయే!”

తిప్పమ్మ కొంగు కిందకు పిల్లను లాక్కుంది. నల్లమ్మ నాలుక చాపి చినుకులు చప్పరిస్తోంది.

“అవి ఓర్సుకున్నాయయ్యా,” అందామె. వాన హోరులో ఆ మాట అతనికి వినబడలేదు.

నిన్న సాయంత్రం వాటి వేళ్లు తెగ్గోసింది ఆమే.