పదింటి సంతకం

తొమ్మిది కూడా కాలేదు. పదింటి పర్మిట్ మీద శేఖర్ సంతకం గీకి పారేశాడు.

పర్మిట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ట్యాంకులోకి మనిషి దిగే ముందు సేఫ్టీ ఆఫీసర్ మీటర్ పెట్టి లోపలి గాలి విషమెక్కిందేమో చూడాలి. బాగుంటేనే కాగితం మీద సంతకం చేయాలి.

మదనపల్లె దగ్గరి ఆ టమోటా గుజ్జు ఫ్యాక్టరీలో మాత్రం సంతకం ముందు, చూడడం తర్వాత. తీరిక లేకపోతే అదీ లేదు.

ఆ రోజు శేఖర్‌కు అసలే తీరిక లేదు. పదింటికి ఖతార్ కంపెనీవాళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తామన్నారు.

కుప్పం నుంచి వచ్చి పద్దెనిమిది వేలకు పని చేస్తున్నాడు పాపం. సేఫ్టీ ఆఫీసర్‌కు ఏ దేశంలో ఎంతిస్తారో ఫోన్‌లో చదివి చదివి కంఠతా పట్టేశాడు. ఖతార్‌లో లక్షన్నరట. సింగపూర్‌లో రెండు లక్షల పైమాటేనట. ఆస్ట్రేలియా లెక్క తలచుకుంటే నిద్రే పట్టదు. వినేవాళ్లు దొరికితే చాలు, ఈ జాబితా అప్పజెప్పేవాడు. ఊడ్చేవాళ్లను కూడా వదల్లేదు మహానుభావుడు!

"సార్!"

తలుపు దగ్గర గంగులప్ప. నిన్ననే కూలికి చేరాడు. యాభై దాటిన మనిషి. చేతిలో ఆ పర్మిట్ కాగితం.

"దీంట్లో టైము పది అని ఉండాది. ఇప్పుడు తొమ్మిదే గదా సార్?"

శేఖర్‌కు ఒళ్లు మండింది. కూలివాడు కాగితం చదవడమే వింత. పైగా తప్పులు పట్టడమా!

"నీ పని ట్యాంకు కడిగేది. కాగితం చదివేది కాదు."

"మీటరు పెట్టి సూసినారా సార్?"

"చూసినాలే, పో!"

"యాడ సూసినారు? మూత ఇంకా తియ్యనే లేదే."

పక్కనున్న మేస్త్రీ మధుసూదన్ కిసుక్కున నవ్వాడు. శేఖర్ ముఖం కందగడ్డయింది.

"ఎవురప్పా ఈయన? యాడ పట్టినావు?" అని మేస్త్రీని అడిగాడు.

"చౌడేపల్లె మనిషి సార్. మన క్రేట్లు కడిగే చౌడమ్మే పిల్చుకొచ్చింది. కూలి ఎంతిచ్చినా సరే అన్యాడు, చేర్చుకున్యా."

కాసేపటికి ట్యాంకు దగ్గర్నుంచి కేకలు.

శేఖర్ వెళ్లేసరికి గంగులప్ప ట్యాంకు మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దిగాల్సిన ముగ్గురూ చీపుర్లు పట్టుకుని ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు.

"లెయ్యప్పా!" అని మధుసూదన్ గొంతు చించుకుంటున్నాడు.

"సారు మీటరు తెచ్చేదాకా లెయ్యను."

మీటర్ ఆఫీసు బీరువాలోనే ఉంది. తెస్తే ఐదు నిమిషాల పని. కానీ కూలివాడు చెప్తే తేవడమా? అందులోనూ ఇంతమంది ముందు! ఆ పొగరే శేఖర్ కాళ్లు కట్టేసింది.

"గెంటండి బయటికి! మళ్లా ఈ గేటు లోపల కనపడకూడదు."

సెక్యూరిటీ వాళ్లిద్దరు రెక్కలు పట్టి లేపారు. గంగులప్ప పెనుగులాడలేదు, నిన్నటి కూలి అడగలేదు. ఆ ముగ్గురి వైపు తిరిగి ఒకే మాటన్నాడు.

"దిగొద్దండప్పా. మీ బిడ్డల మీద ఒట్టు."

అంతే. ముగ్గురూ చీపుర్లు కింద పడేశారు.

"దిగండి, టైమవుతాంది!" అన్నాడు శేఖర్.

"బిడ్డల మీద ఒట్టు పెట్టినాడు సార్. పెట్టినోడే తియ్యల్ల. లేదంటే మీరు మీటరన్నా పెట్టి సూపీండి."

మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. పది కావస్తోంది. శేఖర్ పళ్లు నూరుకుంటూ పోయి మీటర్ తెచ్చాడు. మూత తీయించి, తాడు కట్టి లోపలికి వదిలాడు.

"చూడండి, మీ కండ్లతోనే చూడండి! ఏముంది దీంట్లో..."

తాడు మూరెడు కూడా దిగలేదు. మీటర్ గోలగోలగా మోగింది.

శేఖర్ మీటర్ పైకి లాగి అంకె చూశాడు. ఆ అంకె ఉన్నచోట మనిషికి రెండో ఊపిరి ఉండదు. ముందు ఒకడు పడిపోతాడు. వాణ్ని తీయాలని ఇంకొకడు దిగుతాడు. ఆ తర్వాత మూడోవాడు. పైన కాగితం మీద తన సంతకం చక్కగా ఉంటుంది.

ఖతార్ నుంచి ఫోన్ వచ్చిందో లేదో కూడా అతనికి తెలియదు. గేటు దాకా పరుగెత్తాడు.

గంగులప్ప ఎక్కిన పుంగనూరు బస్సు వెళ్లిపోయి చాలాసేపయిందన్నారు.

వెనక్కి వచ్చి, టమోటా క్రేట్లు కడుగుతున్న చౌడమ్మ ముందు నిలబడ్డాడు.

"చౌడమ్మా, ఆయప్ప ఇల్లు యాడో చెప్పు. కాళ్లు పట్టుకోనైనా పిల్చుకొస్తా."

"రాడు సార్. రేపు ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు. యాడ ట్యాంకు ఉంటే ఆడికి. కుప్పంలోనూ ఇట్లే గెంటేసినారు."

"ఎవరమ్మా ఆయన?"

చౌడమ్మ క్రేటు పక్కన పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీరు పోవల్లని సూస్తాండారే, ఆ ఖతార్‌లో పదేండ్లు మీ ఉద్యోగమే చేసినాడు. మీరు చెప్పే లక్షలు ఆయప్ప తీసుకున్యాడు."

శేఖర్ నమ్మలేకపోయాడు.

"మరి ఈ కూలి పని యాలమ్మా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఏడ్చి ఏడ్చి ఎప్పుడో తేరుకున్న గొంతు అది.

"ఆడ ఒక దినం తీరిక లేక, సూడకుండా సంతకం పెట్టినాడు సార్, ఆ కాగితం నమ్మి ట్యాంకులోకి దిగింది మా యింటాయనే."