పదికి ఎన్ని మార్కులు?

మడుగు బురదలో మెడదాకా మునిగి, సింగారమ్మ అనే గేదె హాయిగా నెమరేస్తోంది. ఆకలితో నకనకలాడుతున్న కొంగ ఒకటి వచ్చి ఒడ్డున నిలబడింది.

"వదినా, నీ సుఖానికి పదికి ఎన్ని మార్కులు వేస్తావు? మడుగులో అందర్నీ అడుగుతున్నాను."

సుఖానికి మార్కులుంటాయని సింగారమ్మకి అప్పుడే తెలిసింది.

"మిగతావాళ్ళు ఎన్నేశారేమిటి?"

"అవతలి ఒడ్డు కప్ప తొమ్మిది వేసింది."

"గుప్పెడు లేదు, దానికి తొమ్మిదా!"

అంతే, అప్పటిదాకా చల్లగా ఉన్న బురద ఒళ్ళంతా గుచ్చుకోవడం మొదలెట్టింది. ఆ కప్ప వైభోగమేమిటో చూడాల్సిందేనని సింగారమ్మ లేచి, గడ్డి తొక్కుకుంటూ మడుగు చుట్టూ నడిచింది. అడుగు పడిన చోటల్లా పురుగులు పైకి లేచాయి. కొంగ వాటిని టపటపా ఏరుకు తింటూ వెనకాలే వచ్చింది.

తీరా చూస్తే కప్ప ఉన్నది ఎండిపోతున్న చిన్న గుంటలో.

"ఏమే, దీనికా తొమ్మిది మార్కులు వేశావు?"

"నేనా? కొంగ నా దగ్గరికొచ్చి అడిగితే, జవాబు చెప్పడానికి నేను మిగిలుంటానా అత్తా?" అని కప్ప బుడుంగున మునిగింది.

సింగారమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. కొంగ నిండు పొట్టతో ముక్కుని గడ్డికి రాసుకుంటోంది.

"నన్నూ అడుగు వదినా," అంది. "పదికి పది!"