సవతిని సాగనంపిన రోజు

"ఇక నా వల్ల కాదురా, తీసుకెళ్లిపో" అన్నాడు పెద్దాయన, కారు బానెట్ మీద చెయ్యి వేసి.

పాతకార్ల క్లబ్బు సెక్రటరీ నమ్మలేకపోయాడు. డెబ్బై ఏళ్ల నాటి నల్ల కారు అది. దాని మీద దుమ్ము పడితే తన కంట్లో పడ్డట్టు గిలగిల్లాడే మనిషి ఈయన. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. ఆవిడ ఆ కారును సవతి అనేది. సవతిని ఎక్కి షికారు తిరిగే ఇల్లాలు లోకంలో తనొక్కతేనని నవ్వేది కూడా. అలాంటి కారును ఊరికే ఇచ్చేస్తానని నిన్న ఫోన్ చేశాడు.

"మూడు నెలల నుంచి స్టార్టవడం లేదు. ప్లగ్గులు తుడిచాను, కార్బురేటర్ కడిగాను, పెట్రోలు పైపు మార్చాను. ఉలుకూ పలుకూ లేదు. నా చేతులు చచ్చిపోయాయిరా."

భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. కారు ఎందుకు స్టార్టవడం లేదో ఆవిడకు తెలుసు. ఇంజను పక్కన నల్లటి మూత కింద, ప్లగ్గులన్నిటికీ కరెంటు పంచే రోటరు ఉంటుంది. నెత్తిన ఇత్తడి రేకున్న బొటనవేలంత ముక్క. దాన్ని తీసి వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున దాచింది ఆవిడే. తాళంచెవి దాస్తే వైర్లు కలిపి స్టార్టు చేసుకోగలడు. ముప్పై ఏళ్లు స్పానర్లు అందించాక ఆవిడకూ ఆ మాత్రం మెకానిజం వంటబట్టింది. పైగా డాక్టరు ఉప్పు మానెయ్యమన్నప్పటి నుంచి ఆయన ఆ డబ్బా వైపు కన్నెత్తి చూడడు.

మూడు నెలల కిందట ఒక వేసవి ఆదివారం నాలుగు రోడ్ల కూడలి మధ్యలో కారాపి, మనిల్లు ఎటువైపు అని అడిగాడాయన. వెనకాల హారన్లు మోగిపోతుంటే చిన్నపిల్లాడిలా ఆవిడ మొహంలోకి చూశాడు. పరీక్షలయ్యాక డాక్టరు ఆవిణ్ణి విడిగా పిలిచి, ఇది తగ్గే జబ్బు కాదన్నాడు. స్టీరింగు మాత్రం ముట్టుకోనివ్వద్దన్నాడు. ఆ మాట మొగుడి మొహం మీద చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. ఆ సాయంత్రమే రోటరు తీసేసింది.

మర్నాడు ఆయన నల్ల మూత తీశాడు. లోపల ఖాళీగా ఉన్న చోటును చూశాడు. మళ్లీ మూత పెట్టేసి ప్లగ్గులు తుడవడం మొదలుపెట్టాడు. అక్కడ ఒక వస్తువు ఉండాలన్న సంగతే ఆయనకు గుర్తు లేదని ఆవిడకు అర్థమైంది. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆ తరవాత రోజూ షెడ్డులో మధ్యాహ్నం దాకా ఇంజనుతో కుస్తీ పట్టి, గ్రీజు చేతులతో లోపలికొచ్చి, "ఇవాళ కూడా కాలేదే" అనేవాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా.

సెక్రటరీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "చిన్న రిపేరే అయ్యుంటుంది బాబాయ్. ఒకసారి చూస్తాను" అంటూ నల్ల మూత మీద చెయ్యి వేశాడు.

ఆవిడ గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకేసింది. అంతలో పెద్దాయన అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దురా. ఉన్న కాస్త పరువూ ఉండనీ. మీ షెడ్డుకెళ్లాక తీరిగ్గా చూసుకో."

సెక్రటరీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నలుగురు మనుషులు చెక్కల మీదుగా కారును లారీలోకి తోశారు. వాళ్ల వేళ్ల మరకలు తలుపు మీద పడుతుంటే పెద్దాయన పక్కనే నడుస్తూ భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

చెప్పేస్తే? రోటరు బిగించి రేపే రోడ్డెక్కుతాడు. ఎవరినో గుద్దుతాడు, లేదా తనే పోతాడు. చెప్పకపోతే? చేతకానివాణ్ణయ్యానన్న దిగులుతోనే జ్ఞాపకం మిగిలిన నాలుగు రోజులూ గడుపుతాడు. ఆ తరవాత కారే కాదు, పెళ్లాం కూడా గుర్తుండదు. ఎటు చూసినా చీకటే కనిపించింది ఆవిడకు.

లారీ కదిలింది. ఖాళీ షెడ్డులో నేల మీద నూనె మరక ఒక్కటే మిగిలింది. ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. వీపు అదురుతోంది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవడం ఆవిడ చూడలేదు.

ఇక పట్టలేకపోయింది.

"ఏమండీ, మీ చేతులకేం కాలేదు. పాపం నాది. లారీని ఆపండి" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. ఉప్పు డబ్బా లాగి మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. తగల్లేదు. డబ్బాను నేల మీద బోర్లించింది. ఉప్పు తప్ప మరేం లేదు. మోకాళ్ల మీద కూర్చుని పిచ్చిదానిలా ఆ ఉప్పంతా రెండు చేతులతో జల్లెడ పట్టింది.

వీధి మలుపు దాటి లారీ చప్పుడు వినబడకుండా పోయింది. తలెత్తి చూస్తే ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"అందులో లేదే" అన్నాడు మెల్లగా. "ఇత్తడికి ఉప్పు పడదని ఆ మర్నాడే తీసి, నూనె గుడ్డలో చుట్టి డ్రైవరు సీటు కింద పెట్టాను."