కమీషను మనిషి

ఆదివారం వస్తే చాలు, క్లర్కు చేతులు ఊరుకోవు.

ఇంట్లో మోగేది, వెలిగేది, తిరిగేది ఏదీ అతని స్క్రూడ్రైవరును తప్పించుకోలేదు. కొన్ని బాగుపడ్డాయి కూడా.

ఈసారి వంతు భార్య చిన్న రికార్డరుది. చనిపోయిన వాళ్లమ్మ గొంతు ఆ ఒక్కదాంట్లోనే ఉంది. బ్యాటరీ దగ్గర తీగ ఊడి నెల రోజులుగా మూగబోయింది.

"ఎవరైనా పని తెలిసినవాళ్లకిద్దామండీ" అంది భార్య.

"నేనుండగా ఇంకొకరెందుకు? చిటికెలో పని" అని చెప్పులేసుకుని పరికరాల కొట్టుకు బయల్దేరాడు.

కొట్టు యజమాని లోపల సరుకు సర్దుకుంటున్నాడు. గోడకు సీసం కరిగించి తీగలతికే సోల్డరింగ్ ఐరన్లు ఒక వరుస, సోల్డరింగ్ గన్నులు ఒక వరుస వేలాడుతున్నాయి. పెన్నులా సన్నగా ఉన్న ఐరన్ వేడెక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది. గన్నుకైతే మీట నొక్కి ఐదు అంకెలు లెక్కపెడితే చాలు. క్లర్కు గన్ను తీసి, ఎవరూ చూడట్లేదనుకుని, గోడకు గురిపెట్టి ముచ్చటపడ్డాడు.

పక్కనే నిలబడ్డ నెరిసిన జుట్టు మనిషి ఏం అతకాలని అడిగాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"గన్ను లావు తీగలకండీ. చిన్న బోర్డు మీద పెడితే కరెంటు పారే రాగి గీత లేచిపోతుంది, చిప్పు మాడిపోతుంది. ఆ సన్న మొన ఐరన్ తీసుకోండి. కాస్త ఓపిక పట్టాలి, అంతే."

క్లర్కు లోలోపల నవ్వుకున్నాడు. ఇలాంటివాళ్లను ఎంతమందిని చూశాడో. కచ్చితంగా ఐరన్ కంపెనీ ఏజెంటే.

"కమీషను బాగానే ఇస్తారా?" అన్నాడు.

ఆ మనిషి ముఖం చిన్నబోయింది. వెనుదిరిగి వెళ్లిపోయాడు.

క్లర్కు గన్నే కొనుక్కుని ఇంటికొచ్చి మీట నొక్కాడు. సీసం ఇట్టే కరిగింది. దాంతోపాటు రాగి గీత లేచొచ్చింది. గొంతు దాచుకున్న చిప్పు పొగ వదిలి నల్లబడింది.

భార్య రికార్డరు చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది క్లర్కుకు.

ఆ చిప్పును బతికించే దారేదైనా ఉంటే ఆ మనిషికే తెలుస్తుందని పరుగున కొట్టుకు వెళ్లి, నెరిసిన జుట్టాయన ఏరని అడిగాడు.

"ఆయనది వేరే ఊరండీ. సరుకు దించి ఇందాకే బస్సెక్కేశారు" అన్నాడు యజమాని.

"ఆ ఐరన్ కంపెనీ ఆయనే కదా?"

"ఐరన్లతో ఆయనకేం పనండీ? మీరు పట్టుకెళ్లిన గన్ను తయారుచేసేది ఆయనే."