ఎనిమిది దాటని నీళ్లు

“ఈ గదికి కిటికీ లేదా?”

గడప దాటగానే ఆవిడ అడిగిన మొదటి మాట అది.

“ఉంది. తియ్యం,” అంది టైలరమ్మ, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా.

వచ్చినావిడ జుట్టు సగం నెరిసింది. చేతిలో గుడ్డసంచీ. పగడాల సంగతి తెలిసిన మనిషని చేపల షాపాయన పంపించాడు. పేరు చెప్పలేదు. టైలరమ్మ అడగలేదు. పగడం బతికితే చాలు, ఎవరైతేనేం?

గోడవారన గాజుతొట్టి. ఉప్పునీళ్లు, రాళ్లు, నాలుగు చేపలు, మధ్యలో అరచేతంత ఆకుపచ్చ పగడం. దాని ఒంటి నిండా పువ్వుల్లాంటి చిన్న చిన్న నోళ్లు. టైలరమ్మ భర్త ప్రాణంలా చూసుకున్నాడు దాన్ని. ఆయన పోయాక, ఆయన వస్తువుల్లో ప్రాణమున్నది అదొక్కటే.

ఇప్పుడు అదీ మొహం ముడుచుకుంది.

“పీహెచ్ ఎంత?”

“ఏడు పాయింట్ ఏడు. ఎనిమిది దాటాలట కదా! ఆయనున్నప్పుడు దాటేది. ఇప్పుడు చచ్చినా దాటడం లేదు. నీళ్లు పులిసిపోతున్నాయి.”

“ఏం వేశారు?”

టైలరమ్మ అలమర చూపించింది. వరసగా ఖాళీ డబ్బాలు. అన్నీ షాపాయన అంటగట్టినవే. పొడి వెయ్యగానే పీహెచ్ కొలిచే పెన్ను మీద అంకె లేస్తుంది, మర్నాటికి మళ్లీ కూలబడుతుంది. అమ్మేవాడికి రోగంతో పనేముంది, డబ్బా ఖాళీ అయితే చాలు.

ఆవిడ ఒక గాజు జాడీతో తొట్టిలో నీళ్లు ముంచింది. వరండాలో పెట్టింది. సంచీలోంచి చిన్న గాలిపంపు తీసి, గొట్టం నీళ్లలో వదిలింది. బుడబుడమని బుడగలు.

“ఇదేం వైద్యం?”

“వైద్యం కాదు, పరీక్ష. బయటి గాలి తగిలితే ఈ నీళ్లు ఏమంటాయో చూద్దాం. ఓ గంట పడుతుంది. అందాకా లోపల కూర్చోవచ్చా?”

“వరండాలో కుర్చీ ఉందిగా.”

“లోపలే కూర్చుంటాను.”

వచ్చి పడక్కుర్చీలో కూర్చుంది.

“అందులో కాదు!” టైలరమ్మ కేకేసింది. “అది ఆయనది!”

ఆవిడ నిప్పు తొక్కినట్టు లేచింది. తొట్టికి ఎదురుగా నేల మీద చతికిలబడి, గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. గుండె నిండా గాలి పీల్చడం, వదల్లేక వదలడం. గంటసేపూ అదే పని.

“పరీక్ష నీళ్లకా, మీకా?” టైలరమ్మ దెప్పింది. “నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చుగా.”

ఆవిడ కళ్లు తెరవకుండానే నవ్వింది.

గంటయ్యాక జాడీలో పెన్ను ముంచింది. ఎనిమిది పాయింట్ రెండు. తొట్టిలో ఏడు పాయింట్ ఏడే.

“చూశారా? నీళ్లకేం లేదు. జబ్బు గాలిది. రోజంతా అన్నీ బిడాయించుకుని మీరిక్కడే కుడతారు. మీరొదిలిన ఊపిరి ఎటూ పోలేక నీళ్లలో దిగుతోంది. పులవక ఏం చేస్తాయి? కిటికీ తియ్యండి, చాలు.”

“తియ్యను.”

“ఎందుకని?”

టైలరమ్మ కత్తెర బల్ల మీద విసిరింది.

“ఈ గదిలో ఇంకా ఆయన వాసనుందండీ! రాసుకునే నూనె, చొక్కా చెమట... ఆయన పోయిన రోజు మూశాను. తీస్తే పోతుంది. పోయింది మళ్లీ ఎవరు తెచ్చిస్తారు? మీరు తెస్తారా?”

ఆవిడ పడక్కుర్చీ వైపు చూసింది.

“వాసన ఎలాగూ నిలవదమ్మా,” అంది. “ఎంత మూసినా ఇవాళ కాకపోతే రేపు పోతుంది. పగడం అలా కాదు. చూసుకుంటే మన తర్వాత కూడా ఉంటుంది. తియ్యండి.”

“మీకేం, ఎన్నయినా చెబుతారు. పోయింది మీ మొగుడు కాదుగా!”

ఆవిడ సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

“చిటికెనవేలంత ముక్క విరిచి ఇస్తారా? ఇక్కడ ఏమైనా అయితే నా దగ్గరైనా బతుకుతుంది. పగడాలు పెంచేవాళ్లు అలా పంచుకుంటారు.”

“అదీ సంగతి! ముక్క కోసం వచ్చి నాకు నీతులు చెబుతున్నారా? ముందు బయటికి నడవండి.”

నడిచింది.

వారం తిరక్కుండా పగడం కొసలు తెల్లబడ్డాయి, లోపలి ఎముక బయటపడ్డట్టు. టైలరమ్మ ఇంకో డబ్బా కొనుక్కొచ్చి పోసింది. తెలుపు ఇంకా కిందికి దిగింది.

ఓ పొద్దున కిటికీ గడియ మీద చెయ్యి వేసింది. తీసింది. వెంటనే మళ్లీ వేసేసింది. ఆయన్ని రెండోసారి సాగనంపుతున్నట్టు కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, లేచి, రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

మధ్యాహ్నానికి గదిలో వీధి దుమ్ము వాసన. ఎదురింటి వేపుడు వాసన. పడక్కుర్చీ గుడ్డలో మొహం పెట్టి వెతికింది. ఆయన లేడు.

పెన్ను మాత్రం ఎనిమిది దాటింది.

కొన్నాళ్లకి పగడం ఒక్కొక్క నోరే విప్పింది. తెల్లబడిన చోట మళ్లీ పచ్చదనం పాకింది. టైలరమ్మ తొట్టి ముందు కూర్చుని, ఎవరికి చూపించాలో తెలియక దిక్కులు చూసింది. చప్పున ఆవిడ గుర్తొచ్చింది.

చిటికెనవేలంత ముక్క విరిచి, నీళ్ల సంచీలో వేసుకుని షాపుకి పరిగెత్తింది.

“ఆవిడ ఇల్లెక్కడో చెప్పు బాబాయ్! నోటికొచ్చినట్టు తిట్టి తగిలేశాను. ఇది నా చేత్తో ఇవ్వాలి.”

షాపాయన తల అడ్డంగా ఊపాడు.

“లేదమ్మా. ఇల్లు ఖాళీ చేసి ఊరొదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో నాకూ చెప్పలేదు. పోయేముందు ఒక్కసారి మీ ఇంటికి పంపమని ఆవిడే బతిమాలింది.”

“బతిమాలడమేంటి? పగడం చూడ్డానికి నువ్వు కదా పంపింది!”

“పగడం బాగాలేదని మాత్రమే నేను చెప్పాను. వస్తానంది. తనెవరో మాత్రం చెప్పొద్దంది. తెలిస్తే గడప తొక్కనివ్వదు అంది.”

“ఎందుకు తొక్కనివ్వను? నాకేమైనా శత్రువా?”

షాపాయన గొంతు తగ్గించాడు.

“నీకంటే ముందు మీ ఆయన కాపురం చేసింది ఆవిడతోనేనమ్మా.”