మూటత్త

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, ముందురోజే దిగిన పెద్దమ్మ, పదో తరగతి చదివే చిన్నది. నాన్న పనికి వెళ్లాడు.

మూటత్త కూడా ఉంది. కానీ ఇంట్లో ఎవరెవరున్నారని ఎవరైనా అడిగితే, ఆమెను కలిపి చెప్పడం అందరూ మరిచిపోయేవారు.

నాన్నకు ఆమె వరసకు చెల్లెలు. ఎలా చెల్లెలో ఆయనే సరిగ్గా చెప్పలేడు. అమ్మకు కీమో మొదలైందని తెలిసి, ఎవరూ పిలవకుండానే బట్టల మూటతో వచ్చేసింది. ఆ మూటను ఎవరినీ తాకనివ్వదు. అందుకే చిన్నది ఆ పేరు పెట్టింది.

"తిండికి వచ్చి తిష్ట వేసినట్టుంది," అంది పెద్దమ్మ వచ్చిన పూటే.

"వింటుంది పెద్దమ్మా."

"విననీ. చెవులున్నది అందుకేగా!"

మధ్య గదిలో అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. తలకు నీలం రంగు మెత్తటి గుడ్డ. దాని కిందినుంచి భుజం మీదుగా ఒళ్లోకి దిగిన జడ. మందుల వల్ల అమ్మ వేళ్ల చివర్లు మొద్దుబారాయి. ఏది పట్టుకున్నా దూదిని పట్టుకున్నట్టే ఉందంటుంది. అయినా జడను వదలదు.

"చూశావా అక్కా? అందరికీ ఊడిపోతుందన్నారు. నాకు ఊడలేదు."

"నా దిష్టే తగిలేలా ఉందే."

"ఊడిన రోజున మందు మానేస్తాను. డాక్టరుకూ చెప్పాను. చివరి రోజుల్లో మనమ్మను చూశాం కదా, బోడి తలతో. నేనలా వెళ్లను."

పెద్దమ్మ ముఖం తిప్పుకుంది. మర్నాడే మళ్లీ మందు ఎక్కించాలి. మధ్యలో ఆపితే ఇన్నాళ్లు పడిన బాధంతా వృథా అని డాక్టరు చెప్పాడు.

అమ్మ తల పని మూటత్త ఎవరికీ ఇవ్వదు. తెల్లవారగానే గది తలుపు వేసుకుంటుంది. దిండు గలీబు మారుస్తుంది. గోరువెచ్చని నీళ్లతో తల తుడుస్తుంది. గుడ్డ కట్టి గానీ తలుపు తియ్యదు.

"ఒక్కసారి అద్దం ఇవ్వమ్మా ఆడపడుచా," అని అమ్మ ఎన్నిసార్లు అడిగిందో.

"అద్దాన్ని అడిగితే అబద్ధాలు చెబుతుంది వదినా. నన్నడుగు."

అమ్మ నవ్వేసేది.

మధ్యాహ్నం మూటత్త పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తువ్వాలు కోసమని పెద్దమ్మ మూట విప్పింది.

పాత చీర మడతల్లో ఒక కాగితం పొట్లం. పొట్లంలో జుట్టు. పొడుగాటి జుట్టు, చివర్లు కాస్త ఎర్రబారి. అమ్మదే.

"ఏయ్, ఇలా రా!"

ఆ కేకకు చదువుకుంటున్న చిన్నది లేచి నిలబడింది. మూటత్త తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పొట్లం చూసింది. తర్వాత అమ్మ గది వైపు చూసింది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

"మెల్లగా, పెద్దవదినా. దండం పెడతాను."

"మెల్లగానా? మనిషి మంచాన పడుంటే కొంచెం కొంచెంగా కత్తిరించి అమ్ముకుంటావా? సిగ్గులేదూ? దాని—"

మూటత్త తడి చెయ్యి పెద్దమ్మ నోటికి అడ్డం పడింది.

"ఏమైందక్కా? ఏం కత్తిరించింది?" లోపలినుంచి అమ్మ.

"చీర వదినా!" మూటత్త గట్టిగా అరిచింది. "నీ చీర బీరువాలోంచి తీసుకున్నాను. సగం కత్తిరించి అమ్ముకున్నాను. పెద్దవదిన పట్టుకుంది."

పెద్దమ్మ ఆ చేతిని విదిలించుకుంది. "చీర కూడానా!"



"అడిగితే ఇవ్వనా?" అంది అమ్మ గదిలోంచి. "సొంత ఆడపడుచనుకున్నానే. పంపించెయ్యక్కా. నా కంటికి కనబడొద్దు."

మూటత్త మూట కట్టుకుంది. పొట్లం మాత్రం తీసి చిన్నదాని పుస్తకాల వెనక పెట్టింది.

జుట్టు మాట ఎత్తితే మందు మానేస్తుందని జంకి, చీర మాటతోనే పెద్దమ్మ అమ్మను ఓదార్చడానికి లోపలికి వెళ్లింది. చిన్నది గుమ్మం దాకా వచ్చింది.

గుమ్మం దాటాక మూటత్త వెనక్కి తిరిగింది. బొడ్డులోంచి మడత పెట్టిన గులాబీ రంగు గుడ్డ తీసి చిన్నదాని చేతిలో పెట్టింది.

"పాతది ఉతికినప్పుడు కట్టడానికి రెండోది. అమ్మ కళ్లు తెరవకముందే కట్టెయ్యి తల్లీ. బిగించకు, చర్మం నొప్పెడుతుంది."

చిన్నది మడత విప్పింది. గుడ్డ వెనక అంచుకు సన్నటి కుట్లతో బిగించిన జడ.

"అత్తా, ఇది..."

"అమ్మదే. దిండు మీద ఏరిందే. ఇప్పుడు తల మీద నాలుగు పోగులు కూడా లేవు. పొట్లంలోది దాచు, ఈ జడ పలచబడితే కలుపుకోవచ్చు. మళ్లీ మొలుస్తుందిలే, మందు ఆగితే. అందాకా అద్దం ఇవ్వకు."

లోపల అమ్మ ముక్కు చీదుకుంటూ అంటోంది: "దొంగదైతేనేం అక్కా, నా జుట్టు మాత్రం కాపాడింది. రేపు వెళ్దాంలే ఆసుపత్రికి."

మూటత్త ముఖం వెలిగింది.

"ఉండు అత్తా. నేను చెబుతాను, అమ్మకు అంతా—"

మూటత్త వేలు పెదవుల మీద పెట్టుకుంది. తలుపు వైపు కళ్లతో చూపించింది.

చిన్నది జడను గుండెకు అదుముకుని, లోపల అమ్మకు వినబడేంత గట్టిగా, మూటత్త ముఖం మీదే తలుపు వేసేసింది.