అరిగిన వేళ్ళు

"తప్పు నాదేనమ్మా. అలాగే రాసెయ్యండి," అన్నాడు మంగరాజు.

గ్రామ సచివాలయంలో కంప్యూటరు ముందున్న శారోన్ తలెత్తి చూసింది. బీటెక్ చదివి, పరీక్ష రాసి, కిందటి నెలే ఆ ఉద్యోగంలో చేరిన అమ్మాయి.

"ఏం తప్పండి బాబాయ్ గారూ? ముందు కూర్చోండి."

మంగరాజు కూర్చుంటేనా! రెండు చేతులూ బల్లమీద పరిచాడు. కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి వేళ్ళు నున్నగా అరిగిపోయాయి.

"రేషను మిషన్లో ఈ వేలు ఏనాడైనా పడిందాండి? తెలిసుండీ నా కొడుకుని పాడుచేసుకున్నాను. మా మోహనూ బీటెక్కేనండి. మీరు రాసిన పరీక్షే, కాకినాడలో మీరు రాసిన చోటే, అదే పూట. పరీక్షకి ముందు వారం కాయలకి లారీ వచ్చేసింది. మనుషులు దొరక్క, 'నువ్వూ ఓ చెయ్యి వెయ్యరా' అని వాణ్ణి కాయలొలిచే గునపం దగ్గర నిలబెట్టేనండి. పరీక్షనాడు గేటు దగ్గర మిషన్లో వేలు పడలేదంట. లోపలికి రానివ్వలేదంటండి."

తనంత పాపిష్టి తండ్రి ఎక్కడైనా ఉంటాడా? కన్నకొడుకు నోటికాడ కూడు తన చేత్తోనే తీసేశాడు!

"మోహన్ ఏమంటున్నాడండి?"

"వాడు బంగారవండి. 'నీ తప్పేం లేదు నాన్నా, వదిలెయ్' అంటాడు. నేనేడిస్తే వాడూ ఏడుస్తాడు. పరీక్ష దగ్గరపడే కొద్దీ తిండి సయించలేదు, నిద్దర లేదు, చేతులు వణికేవి. అంత కష్టపడ్డాడండి. ఇప్పుడు నా మొహం కేసి చూడ్డమే మానేసేడు. ఎలా చూస్తాడు లెండి, ఇంత పని చేసినోణ్ణి!"

కీబోర్డు మీద శారోన్ వేళ్ళు ఆగిపోయాయి.

"మీకు దండం పెడతాను. తండ్రే చెడగొట్టేడు, పిల్లాడికి ఇంకోసారి పరీక్ష పెట్టండని పై ఆఫీసరు గారికి అర్జీ పంపండమ్మా. గునపం పీకి కాలవలో పారేసేను. ఇక చచ్చినా కాయ ముట్టను."

"అయ్యో! మరి ఇల్లెలా గడుస్తుందండి?"

"గడవకపోతే పస్తుంటాను. నాకదే శాస్తి."

శారోన్ లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మంగరాజు గటగటా తాగి, మళ్ళీ చేతులు జోడించాడు.

"అర్జీ రాస్తారాండి?"

ఆ అమ్మాయి ఆ చేతులకేసి చూసింది. తర్వాత మెల్లగా అంది:

"పరీక్ష రోజు అక్కడ ఎవరి వేలిముద్రలూ తీసుకోలేదండి."